వాగు మాట వెతికితే: ఆన్‌లైన్ స్కాట్స్ నిఘంటువు

స్కాట్లండ్‌లో చిన్న వాగును ‘బర్న్’ అంటారు. పాత ఇంగ్లీషు ‘బుర్న’ నుంచి వచ్చిన ఈ మాట చరిత్ర తెలుసుకోదలచినవారికి, ఉచితంగా లభించే స్కాట్స్ భాషా నిఘంటువును మించిన ఆధారం నాకు కనిపించలేదు. 1700 వరకు ఉన్న వాడుకను నమోదు చేసిన 12 సంపుటాల కోశాన్ని, ఆ తర్వాతి కాలపు 10 సంపుటాల కోశాన్ని ఒకేచోట చేర్చి 2004లో అందుబాటులోకి తెచ్చారు. ప్రతి అర్థానికీ మూలగ్రంథం, కాలం సూచించే ఉదాహరణలు ఇవ్వడమే దీని అసలు బలం. బీరు కాచడానికి వాడే నీటినీ ‘బర్న్’ అనేవారని అక్కడ చదివి ఎంతో సంతోషించాను. 1314 నాటి యుద్ధంతో ప్రసిద్ధికెక్కిన బానక్‌బర్న్ పేరులోనూ ఈ వాగే ఉంది. జిల్లాల పేర్లను పొడి అక్షరాలతో సూచించడం మాత్రం కొత్త పాఠకులను ఇబ్బంది పెడుతుంది. అయినా ఓపికగా చదవదగిన కోశమిది.