ధాన్యం సైలోల మీద బొమ్మలు: విమ్మెరా, మాలీ దారిలో మా కారు ప్రయాణం

లాంగ్ వీకెండ్ వస్తే మెల్‌బోర్న్ తెలుగువాళ్లందరూ గ్రేట్ ఓషన్ రోడ్డు మీదే కనిపిస్తారు. ఈసారి మేం సముద్రానికి వీపు తిప్పి, విక్టోరియా రాష్ట్రం వాయవ్య మూలకు వెళ్లాం. విమ్మెరా, మాలీ అనే ఆ ప్రాంతాల్లో ఎటు చూసినా గోధుమ, బార్లీ, మసూర్, శనగ చేలే. ఇక్కడి మసూర్, శనగలు మన దేశానికి కూడా వెళ్తాయి. ఊరూరా రైలు పట్టాల పక్కన ధాన్యం నిల్వ చేసే కాంక్రీటు సైలోలు ఉంటాయి. చాలావరకు 1939 ప్రాంతంలో కట్టినవి. కిటికీ ఉండదు, రంగు ఉండదు, నిలువునా బూడిదరంగు గొట్టాలు. ఆ గొట్టాల మీద వేసిన బొమ్మలు చూడ్డానికే ఈ ట్రిప్పు.

ఆస్ట్రేలియాలో ఈ ముచ్చట 2015లో పశ్చిమాన నార్తమ్ అనే ఊళ్లో మొదలైంది. అక్కడ ఫ్లెగ్మ్ అనే బ్రిటిష్ చిత్రకారుడు కలలో వచ్చే వింతజీవుల్లాంటివి వేశాడు. విక్టోరియాలో మొదటిది బ్రిమ్ అనే ఊళ్లోది. గైడో వాన్ హెల్టెన్ అనే చిత్రకారుడు అక్కడ నాలుగు సైలోల మీద నలుగురు రైతుల్ని నిలబెట్టాడు, 2016 మొదట్లో పూర్తయింది. చూడ్డానికి జనం బారులు కట్టేసరికి చుట్టుపక్కల ఊళ్లూ అందుకున్నాయి. రుపాన్యప్ నుంచి పాచ్‌వొలాక్ దాకా సుమారు 200 కిలోమీటర్ల సైలో ఆర్ట్ ట్రెయిల్ అలా తయారైంది.

అన్నీ ఒకే స్థాయిలో లేవు. బ్రిమ్ దూరం నుంచి గొప్పగా ఉంటుంది. దగ్గరికెళ్తే ముఖాలు స్ప్రే మరకలుగా విడిపోతాయి, కాబట్టి కారు కాస్త దూరంగా ఆపుకుని చూడండి. రుపాన్యప్‌లో రష్యన్ చిత్రకారిణి జూలియా వోల్చ్‌కోవా పొట్టి స్టీలు సైలోల మీద ఊరి ఆటగాళ్లను వేసింది. పనితనానికి వంక పెట్టలేం గానీ, నాకు పెద్ద సైజు ఫొటోలాగే అనిపించింది. షీప్ హిల్స్‌లో ఆడ్నేట్ వేసిన ఆదివాసీ పెద్దలు, పిల్లలు చుక్కల ఆకాశం ముందు నిలబడి ఉంటారు. రంగుల కోసమైతే ఇదే చూడాలి.

పాచ్‌వొలాక్ కథ సరదాగా ఉంటుంది. సైలోల జంట సన్నగా, 35 మీటర్ల ఎత్తు. అక్కడ బొమ్మ వేసిన ఫింటన్ మాగీ ఆ కొలతకు సరిపోయేలా బక్కపలచని, పొడవాటి స్థానిక రైతును వెతికి పట్టుకున్నాడు!

నాకు బాగా నచ్చింది మాత్రం లాసెల్స్. రోన్ ఒక రైతు జంట ముఖాలు వేస్తూ, పని సాగేకొద్దీ రంగులో నీళ్లు కలిపి పలచన చేసుకుంటూ పోయాడు. దాంతో బొమ్మ సగం కాంక్రీటులోకి ఇంకినట్టు ఉంటుంది. ఎండ మారితే ముఖం మాయమవుతుందేమో అనిపిస్తుంది. మా పిల్లలకు మాత్రం ఇది "రంగుల్లేని బోరు బొమ్మ". వాళ్ల ఓటు సీ లేక్‌కి. అక్కడ డ్రాప్ల్, ద జూకీపర్ అనే ఇద్దరు వేసిన సైలో మీద ఒక చిన్నమ్మాయి చెట్టుకు కట్టిన ఉయ్యాలలో కూర్చుని ఉప్పు సరస్సుకేసి చూస్తుంటుంది. నిజమూ కలా కలిసిపోయిన బొమ్మ కావాలంటే ఇదే. ఆ సరస్సు, లేక్ టిరెల్, ఊరికి దగ్గర్లోనే ఉంది. చలికాలంలో పలచగా నీళ్లు నిలిస్తే ఆకాశం మొత్తం అందులో కనిపిస్తుంది. వేసవిలో వెళ్తే ఉప్పు, ఈగలు.

బసకు వారక్‌నబీల్ అనుకూలం. బ్రిమ్, షీప్ హిల్స్ రెండూ దగ్గర. ఏటి ఒడ్డున కారవాన్ పార్కు ఉంది, టెంటు ఉన్నవాళ్లకు అది చాలు. మేం దిగిన మోటెల్ పాతది. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, ఏసీ మాత్రం రాత్రంతా ట్రాక్టరులా మోగింది. ప్రకటనలో "కిచెన్" అని రాశారు, వెళ్లి చూస్తే ఒక మైక్రోవేవ్, రెండు కప్పులు. అడిగితే యజమాని నవ్వేసి ఇంకో రెండు కప్పులిచ్చాడు. వంట చేసుకోవాలనుకునేవాళ్లు బుక్ చేసేముందే ఫోన్ చేసి కనుక్కోండి.

తిండి దగ్గర ఆశలు పెట్టుకోకండి. బేకరీలు మధ్యాహ్నానికే మూసేస్తారు, పబ్బుల్లో వంటగది రాత్రి ఎనిమిదింటికల్లా బంద్. శాకాహారులకు చిప్సు, అదృష్టం ఉంటే వెజ్ బర్గర్. మా ఆవిడ కట్టిన పులిహోర, పెరుగన్నమే మమ్మల్ని కాపాడాయి. ఆదివారం పరిస్థితి ఇంకా కష్టం.

చిన్న ఊళ్లలో పెట్రోలు బంకుల దగ్గర మనిషి ఉండకపోవచ్చు, కార్డు గీకి మనమే పోసుకోవాలి. ట్యాంకు సగానికి రాగానే నింపేయండి. ఊరు దాటితే ఫోన్ సిగ్నల్ పోతుంటుంది, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే టెన్షన్ ఉండదు. చీకటి పడ్డాక కంగారూలు రోడ్డుకు అడ్డం వస్తాయి, బండి తీయకపోవడమే మేలు. సైలోల్లో కొన్ని ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. నవంబరు, డిసెంబరు కోతల సీజన్లో లారీలు వరసగా వస్తుంటాయి, కంచె దాటి లోపలికి వెళ్లకూడదు.

సమయం తక్కువుంటే రుపాన్యప్ వదిలేసి షీప్ హిల్స్, బ్రిమ్, లాసెల్స్, సీ లేక్ వరస పెట్టుకోండి. సీ లేక్‌కి సాయంత్రం చేరేలా చూసుకుని, ఆ రాత్రికి అక్కడే గది ముందుగా బుక్ చేసుకోండి.