జాగ్రత్త: నడుం నొప్పికి 'మనసు వైద్యం' కోర్సుకి డబ్బు కట్టబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తున్న ఆ కోర్సు గురించే రాస్తున్నాను. తెల్ల చొక్కా వేసుకుని, వెనకాల పచ్చటి మొక్కలు పెట్టుకుని, "మీ నడుంలో లోపం లేదు, లోపమంతా మీ భయంలో ఉంది" అంటూ మొదలుపెడతాడే, ఆయనే. పేరు రాయను. నడుం నొప్పి గురించి ఫోన్లో ఒక్కసారి వెతికినవాళ్లకి ఈపాటికి ఆ ముఖం పరిచయమే అయ్యుంటుంది.

ముందు కథంతా అక్కర్లేదు. ఏళ్లుగా నాకు నడుం పట్టేస్తూ ఉంటుంది. వంగితే పట్టేస్తుంది, తుమ్మితే పట్టేస్తుంది, ఆఫీసులో టెన్షన్ ఎక్కువైన వారం మంచం దిగనివ్వదు. మాత్రలు, బెల్టు, కాపడాలు అన్నీ అయ్యాయి. ఆ తర్వాత ఈయన వీడియో చూశాను, ఏడాది ప్లాన్‌కి డబ్బు కట్టేశాను.

మొదటి పాఠాలు బాగానే ఉన్నాయి, లేదని అబద్ధం ఎందుకు చెప్పాలి? నొప్పి లేనివాళ్ల స్కాన్లలో కూడా డిస్కు (వెన్నుపూసల మధ్య మెత్తటి దిండులాంటిది) అరుగుదల కనిపిస్తుందన్నాడు. అది నిజమే, తర్వాత నేనూ చూశాను. నొప్పి లేని 3110 మంది స్కాన్ల మీద 2015లో ఒక సమీక్ష వచ్చింది. అందులో ఇరవయ్యేళ్ల వాళ్లలో 37 శాతం మందికి, ఎనభయ్యేళ్ల వాళ్లలో 96 శాతం మందికి అరుగుదల ఉంది. ఎక్కడ పట్టేస్తుందోనని బిగబట్టి నడిస్తే ఆ బిగువుకే కండరాలు అలిసిపోయి మళ్లీ పట్టేస్తాయన్నాడు. నిద్ర లేకపోతే నొప్పి ఎక్కువ తెలుస్తుందన్నాడు. నెలల తరబడి నొప్పి ఉంటే నరాల వ్యవస్థ తాడుని చూసినా పామనే ఉలిక్కిపడుతుందన్నాడు. ఇవన్నీ డాక్టర్లు కూడా ఒప్పుకునే మాటలే. నాకు కొన్నాళ్లు తగ్గింది కూడా. అందుకే నమ్మాను.

ఇక 'భావాల డైరీ' సంగతి. మీ మనసులో మెలిపెడుతున్న విషయాలన్నీ రాయండి అని ఒక ఫారం ఇస్తారు. 'ఇది మీకూ మీ కోచ్‌కీ మధ్యే ఉంటుంది' అని పైనే లావు అక్షరాల్లో ఉంటుంది. నేను రాశాను. అమ్మ పోయాక నగల దగ్గర అక్కకీ నాకూ మాటామాటా పెరిగి, అప్పట్నుంచీ మాటల్లేవని మొత్తం రాశాను. మా ఆయనతో కూడా అంత విడమరిచి చెప్పుకోలేదు.

ఆ తర్వాత కొత్త బాధ మొదలైంది. కుడి పిక్క పక్కనుంచి పాదం పైదాకా కరెంటు పాకినట్టు మంట, బొటనవేలు మొద్దుబారడం. నడుస్తుంటే ఆ కాలి చెప్పు జారిపోతోంది, అది నాకే తెలియట్లేదు. గ్రూపులో అడిగితే మెసేజ్ డిలీట్ చేసేశారు. 'లక్షణాల గురించి రాయడం భయానికి మేత వేయడమే' అట. సరేనని లైవ్ క్లాసులో చెయ్యెత్తాను. వందలమంది ఉన్నారు.

కాలు సంగతి చెప్పి, డాక్టర్‌కి చూపించుకోమంటారా అని అడిగాను. అంతే అడిగాను. ఆయన నవ్వి, "మేడమ్, ఆ కాలు నొప్పిని మీరే పట్టుకుని వేలాడుతున్నారు. ఎందుకో చెప్పనా?" అన్నాడు. అని పక్క స్క్రీన్ వైపు తిరిగి, నా డైరీ చదవడం మొదలుపెట్టాడు.

"మీ అక్కగారితో మాటలు లేవు కదా? అమ్మగారి నగల గొడవ. ఆ కోపం ఇన్నాళ్లూ నడుంలో కూర్చుంది. ఇప్పుడు కాల్లోకి దిగింది."

నా పేరు స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉంది. ఆపండి, అది మీకొక్కరికే రాశాను అని చెప్పబోయేసరికి నన్ను మ్యూట్ చేశాడు. చేసి, "చూశారా, ప్రతిఘటన ఎలా వస్తుందో! మేడమ్‌కి మనందరం ప్రేమ పంపుదాం" అన్నాడు. చాట్ నిండా ఎర్ర గుండెలు, చప్పట్లు. మా అమ్మ నగల మీద వందలమంది నాకు ప్రేమ పంపించారు. ధన్యురాలినయ్యాను.

ఆ రికార్డింగ్ ఇప్పటికీ కోర్సులో ఉంది. తీసేయమని అడిగితే, 'మీ అనుభవం ఎంతోమందికి వెలుగవుతుంది' అని జవాబు.

తర్వాత ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. మడమల మీద నడవమన్నాడు. ఎడమ పాదం నిలబడింది, కుడిది చప్పున వాలిపోయింది. బొటనవేలు పైకెత్తమని దానిమీద తన వేలు ఆనించాడు. ఎంత బలం పెట్టినా నా వేలు లేవలేదు. డిస్కు పక్కకి జారి, నడుం నుంచి కాల్లోకి దిగే ఎల్5 అనే నరాన్ని నొక్కుతోందట. ఇలాంటివి చాలావరకు ఆపరేషన్ లేకుండానే సర్దుకుంటాయి, కానీ బలం ఇంకా తగ్గుతోందా అని గమనిస్తూ ఉండాలి అన్నాడు. అదే రోజు ఫిజియోథెరపిస్టు, భయపడి పడుకుండిపోవద్దు, మెల్లగా నడుస్తూ ఉండండి, నిద్ర చూసుకోండి అని చెప్పింది. అంటే ఆ తెల్ల చొక్కా చెప్పిన మంచి మాటలే. కాకపోతే ఈమె ముందు నా కాలు పట్టుకుని చూసింది.

ఇక డబ్బు వాపస్. 'తగ్గకపోతే పూర్తి డబ్బు వెనక్కి' అన్నారు కదా. షరతు కింద సన్నటి అక్షరాల్లో ఉంది: 'సంపూర్ణ విశ్వాసంతో సాధన చేసినవారికి మాత్రమే'. నొప్పి ఉందని చెప్పడమే విశ్వాసం లేదనడానికి రుజువట! తగ్గితే ఆయన గొప్పతనం, తగ్గకపోతే నా మనసు లోపం. ఏం తెలివండీ. డాక్టర్ రిపోర్టు పంపిస్తే, 'రిపోర్టులకి అతుక్కుపోవడం కూడా ఒక లక్షణమే' అని రాశారు.

వాళ్ల ప్రకటనలో '66 శాతం మందికి నయం' అని తిప్పుతుంటారే, ఆ పరిశోధన తీసి చదివాను. 2021లో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చింది. నిజమైనదే, మంచిదే. ఏళ్లుగా నడుం నొప్పి ఉన్న 151 మంది మీద చేశారు. నొప్పిని కొత్తగా అర్థం చేసుకోవడం నేర్పిన గుంపులో 66 శాతం మందికి నొప్పి పోయింది, లేదా దాదాపు పోయింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లలో అది 20 శాతం, మామూలు వైద్యంలో ఉన్నవాళ్లలో 10 శాతం. కానీ అక్కడ ముందుగా డాక్టర్ ఒక్కొక్కరితో మాట్లాడి, వాళ్ల రిపోర్టులు చూశాడు. ఆ తర్వాత థెరపిస్టుతో ఒక్కొక్కరికీ విడిగా ఎనిమిది సిట్టింగులు. నడుం కంటే కాలు నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లని అసలు తీసుకోనేలేదు. అంటే నాలాంటి కేసుని వాళ్లు గుమ్మం దగ్గరే ఆపేవాళ్లు. ఈయన ఆ అంకె తెచ్చుకున్నాడు గానీ, ఆ జాగ్రత్త తెచ్చుకోలేదు.

ఇంత చదివాక కూడా చేరాలనిపిస్తే మీ ఇష్టం. చేరేముందు డాక్టర్‌తో కాళ్ల బలం, స్పర్శ పరీక్ష చేయించుకోండి. మూత్రం రాకపోయినా, ఆపుకోలేకపోయినా, మలద్వారం చుట్టూ మొద్దుబారినా, రెండు కాళ్లూ పట్టు తప్పినా ఏ కోచ్‌నీ అడగొద్దు, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లండి. డైరీలో ఇంటి విషయాలు రాయకండి. యాప్‌లో 'క్యాన్సిల్' నొక్కితే ఆటో డెబిట్ ఆగదు, బ్యాంకుకి చెప్పి ఆపించుకోవాలి. నాకు క్యాన్సిల్ చేశాక కూడా ఇంకోసారి కట్ అయింది.