స్లైడౌట్ గదికి కింద పోటు (ఆసరా) పెట్టాలా? ఐదేళ్ళు వాడాక నా మాట

మా క్యాంపింగ్ ట్రైలరుకు పక్కగోడలోంచి బయటికి జరిగే గది ఒకటుంది, దాన్నే స్లైడౌట్ అంటారు. స్విచ్ నొక్కితే రెండున్నర అడుగులు బయటికొస్తుంది. ఏడడుగుల పొడవు, అందులో ఒక సోఫా, ముందు మడత బల్ల. దేవరకొండలో మా వీధివాళ్ళ నుంచి సోమశిలలో పడవ నడిపేవాళ్ళ దాకా చూసిన ప్రతివాళ్ళూ మొదట అడిగేది ఒకటే, "కింద ఏం ఆసరా లేదు, కూలిపోదా?" అని. కొన్న కొత్తలో నాకూ అదే టెన్షన్. అందుకే రెండు కత్తెర జాకీలు కొని ఎక్కడ ఆపినా ఆ గది బయటి అంచు కింద బిగించేవాణ్ణి. ఇప్పుడు పెట్టను, ఎవరైనా పెడుతుంటే వద్దంటాను. ఎందుకో చెప్తా, మధ్యలో నావి పద్నాలుగు వేలు ఎలా పోయాయో కూడా.

ముందు బండి సంగతి. హైదరాబాద్ శివార్లలో ఒక బాడీ బిల్డింగ్ షాపులో కట్టించిన ట్రైలరు, మొదటి ఓనరు ఏడాది వాడి అమ్మేస్తే నేను సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నా. రెండు ఇరుసులు, కమాన్ పట్టీలు (స్ప్రింగులు), స్లైడ్ కింద రెండు పళ్ళ పట్టాలు, వాటిని నెట్టే పళ్ళచక్రాలు, 12 వోల్టుల మోటారు. బొలెరోతో లాగుతా. ఏడాదికి పది పన్నెండు ట్రిప్పులు, ఎక్కువగా డిండి, కోయిల్‌సాగర్, సోమశిల. నాగార్జునసాగర్ 26 గేట్లు ఎత్తారని తెలిస్తే మాత్రం ఇంట్లో పిల్లలు ఆగరు, అప్పుడు ట్రాఫిక్‌లో ట్రైలరు లాగడం ఒక నరకం, అది వేరే కథ. శ్రీశైలం వైపైతే అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు కాబట్టి మన్ననూరుకు ఇవతలే తెలిసినవాళ్ళ చెలకలో ఆగిపోతాం.

జాకీల సలహా మా బావది. ఆయన సెంట్రింగ్ పనులు చేయిస్తాడు. మొదటి ట్రిప్పులోనే గది కింద వంగి చూసి "పోటు లేకుండ స్లాబ్ నిలుస్తదా బామ్మర్దీ, గాలిలో యేలాడుతుంటే ఎట్ల పండుకుంటవ్?" అన్నాడు. సరే అని పెట్టా. ఏడాదిన్నర ఏమీ కాలేదు, అందుకే అది సరైన పద్ధతే అని నమ్మాను కూడా.

తర్వాత ఒక ఆగస్టులో డిండి దగ్గర దోస్తు పొలంలో ఆపాం. నల్లరేగడి. చక్రాలు ఆ మట్టి మీద ఉన్నాయి, గది కింద పెట్టిన జాకీల్లో ఒకటి మాత్రం అనుకోకుండా నేలలోంచి తేలిన బండ మీద పడింది. గట్టిగా ఉంది కదా, ఇంకా మంచిదే అనుకున్నా. రాత్రంతా వాన. పొద్దున లేచేసరికి సోఫా మీద పెట్టిన బంతి దానంతట అదే లోపలి వైపు దొర్లి నేల మీద పడి ఉంది. తల ఎత్తి చూస్తే గది పైకప్పు దగ్గర, బీడింగ్ రబ్బరుకూ గోడకూ మధ్య వేలు పట్టేంత సందు, అందులోంచి వెలుతురు, ధార కట్టి నీళ్ళు. బయటికి పోయి చూస్తే విషయం అర్థమైంది. ట్రైలరు చక్రాలు మట్టిలోకి అంగుళంన్నర దిగాయి. బండ మీది జాకీ దిగలేదు, బండ ఎక్కడికి దిగుతుంది? అంటే ట్రైలరు మొత్తం కిందికి పోతుంటే గది బయటి అంచు మాత్రం పైనే ఆగిపోయింది, గది లోపలికి వాలింది.

ఖంగారులో నేను చేసిన రెండో తప్పు స్విచ్ నొక్కడం. గది ఒక పక్క నాలుగు వేళ్ళు లోపలికి వచ్చింది, రెండో పక్క కదల్లేదు, కింద పళ్ళచక్రం టకటకమని పళ్ళు దాటుతున్న చప్పుడు. ఆపేశా. జాకీ దించుదామంటే హ్యాండిల్ తిరగదు, ఎందుకంటే అప్పటికి ట్రైలరు ఆ పక్క బరువులో బోలెడంత దాని మీదే కూర్చుంది. చివరికి దోస్తు తన ట్రాక్టరు దగ్గరి బాటిల్ జాకీ తెచ్చి ఛాసిస్ (ట్రైలరు అడుగు ఇనుప చట్రం) కింద పెట్టి కొంచెం లేపితే అప్పుడు ఊడింది. ఊడిన చోట గది అడుగు ప్లైవుడ్‌లో జాకీ తల అచ్చు నాలుగంగుళాల మేర అచ్చంగా దిగబడిపోయి ఉంది, ముద్ర కొట్టినట్టు. కింది రబ్బరు మూరెడు చిరిగింది, ఒక రోలర్ బ్రాకెట్ వంగింది. నల్లగొండలో వెల్డింగ్ చేసే అన్న బ్రాకెట్ సాఫు చేసిచ్చాడు, అతుకు వేయడానికి రబ్బరు హైదరాబాద్ నుంచి తెప్పించుకున్నా, ప్లైవుడ్ ముక్క మార్పించా. అన్నీ కలిపితే పైన చెప్పిన పద్నాలుగు వేలు.

ఆ తర్వాత కూర్చుని ఆలోచిస్తే బావ పోలికలోనే తప్పుంది. స్లాబు పోసినప్పుడు కాంక్రీటు గట్టిపడేదాకా పోట్లు కావాలి. కానీ కిటికీ మీద సజ్జ ఉంటుంది, దానికి గట్టిపడ్డాక కూడా ఎవరైనా గుంజ పాతుతారా? సజ్జ బరువును వెనక గోడ పట్టుకుంటుంది. స్లైడౌట్ కూడా అలా వేలాడేలాగే కట్టిన గది, దాని బరువూ లోపల కూర్చునేవాళ్ళ బరువూ పట్టాల మీదుగా ఛాసిస్‌కే పోవాలి. దానికి తోడు ఇంటి సజ్జ కదలదు, ట్రైలరు కదులుతుంది. మనిషి నడిస్తే కమాన్ పట్టీలు ఊగుతాయి, టైర్లలో గాలి తగ్గుతుంది, నేల దిగుతుంది. ఇలా పైకీ కిందికీ ఆడే బండికి ఒక అంచు మాత్రం నేలకు కట్టేసినట్టు బిగిస్తే ఆ ఆటంతా పట్టాల మీదా రోలర్ల మీదా రబ్బరు మీదా పడుతుంది. స్లైడ్ తయారీదారుల మాన్యువళ్ళు చాలావరకు గది కింద విడిగా ఆసరా పెట్టొద్దనే చెప్తాయి. నేను అది తర్వాత చదివాను. ముందు ఎవడు చదువుతాడు.

అయినా బావ ఒప్పుకోలేదు, "మనుషులు కూసుంటే వంగుతలేదా, నా కండ్లతోని చూసిన" అన్నాడు. వంగుతుంది, నిజమే. అందుకని ఒక ఆదివారం ఇంటి ముందు సిమెంటు గచ్చు మీద బండి పెట్టి, గది కింద బయటి అంచు దగ్గర ఒక స్కేలు, ట్రైలరు గోడ అంచు దగ్గర ఒక స్కేలు నిలబెట్టి, ఐదుగురం సోఫా మీద కూర్చున్నాం. బావతో కలిపి, ఆయన ఒక్కడే ఇద్దరి లెక్క. బయటి అంచు 9 మిల్లీమీటర్లు దిగింది. కానీ గోడ దగ్గర కూడా 6 దిగింది. అంటే గది వంగింది మహా అయితే 3, మిగతాదంతా ట్రైలరే కమాన్ల మీద ఆ పక్కకు ఒరిగింది. ఆ తర్వాత అవే జాకీలు గది కింద కాకుండా గది ఉన్న వైపు ఛాసిస్ రెండు మూలల కింద పెట్టి మళ్ళీ కూర్చుంటే బయటి అంచు దగ్గర మొత్తం కలిపి 4 కూడా దాటలేదు. బావ స్కేలు రెండుసార్లు తానే చూసుకుని ఏం మాట్లాడలేదు, చాయ్ తాగి పోయాడు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. టైర్లకు ముందూ వెనకా రాళ్ళు పెట్టడం, రసమట్టం పెట్టి ఎడమ కుడి చూసుకుని పల్లం వైపు టైరు కింద చెక్కలు వేసి ఎక్కించడం, బొలెరో విప్పాక ముందు జాకీతో ముందు వెనక సరిచేయడం. ఇదంతా అయ్యాకే ఛాసిస్ నాలుగు మూలల కింద కత్తెర జాకీలు, ప్రతిదాని కింద అడుగు చదరపు చెక్క. నల్లరేగడి మీద ఆ చెక్క లేకుండా పెడితే వాన పడ్డాక జాకీ మట్టిలో పాతేసిన గుంజలా ఉంటుంది. జాకీ ఛాసిస్‌కు తగిలాక చేతికి కొంచెం బిగువు తెలిసేదాకా తిప్పి ఆపేయాలి. వీటి పని ఊగకుండా పట్టుకోవడమే, బండిని లేపడానికి వాడకూడదు. ఒకసారి మా డ్రైవరు బలం చూపించి ఒక మూల పైకి లేపేశాడు, ట్రైలరు తలుపు గొళ్ళెం పడలేదు. తలుపు పట్టేస్తోందంటే ఫ్రేము మెలిపడిందని అర్థం, వెంటనే దించాలి. అన్నీ అయ్యాక గది బయటికి. తిరిగి పోయేటప్పుడు ముందు గది లోపలికి, తర్వాత జాకీలు. మా బండికి ఈ వరుస, కొన్నిటికి వేరేగా ఉంటుంది, మీ మాన్యువల్ ఏమంటుందో చూసుకోండి.

గది బయటి మూల నిజంగానే కిందికి జారి కనిపిస్తే, మనుషులెవరూ లేనప్పుడు కూడా, అప్పుడు జాకీతో ఎత్తి సమాధానపడొద్దు. రోలర్ అరిగి ఉంటుంది, లేదా పట్టా బోల్టులు వదులై ఉంటాయి, లేదా ప్లైవుడ్ నీళ్ళు తాగి మెత్తబడి ఉంటుంది. మాకు నాలుగో ఏట ఒక బోల్టు వదులైంది, బిగిస్తే సరిపోయింది. అలాగే గది ఆగి ఆగి కదిలితే ముందు బ్యాటరీ చూడండి, 12 వోల్టుల కింద ఉంటే మోటారు మూలుగుతుంది, దాన్ని చూసి మెకానిజం పోయిందని నేను ఒక పూట అనవసరంగా ఏడ్చాను. పట్టాలకు గ్రీజు పూయకండి, మన చెలక దుమ్ము దానికి పట్టుకుని ఉప్పుకాగితంలా తయారవుతుంది. ఆరిపోయే రకం లూబ్రికెంట్ స్ప్రే చాలు. రబ్బరుకు సిలికాన్ స్ప్రే, ఎండాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి.

పోటు అవసరమైన రకాలూ ఉన్నాయి. గుడ్డ డేరాతో మడిచి తెరిచే పాపప్ ట్రైలర్లలో బయటికి తెరిచే మంచానికి కింద ఇనుప కడ్డీలు కంపెనీవే వస్తాయి, అవి తప్పక పెట్టాలి, లేకపోతే మంచమే నిలవదు. మీ స్లైడ్ తయారీదారు ఫలానా చోట ఆసరా పెట్టమని రాసి ఉంటే అదీ పెట్టండి. ఈ రెండూ కాకుండా భయం కోసం పెట్టేదైతే ఛాసిస్ కిందికి మార్చండి, గది ఊపు కూడా దాంతోనే తగ్గుతుంది.

మా బండిలో ఇప్పటికీ తీరని బాధ ఒకటుంది, ఈదురుగాలితో వాన వస్తే గది పైమూల నుంచి రెండు చుక్కలు కారుతుంది, అప్పుడు చిరిగిన రబ్బరుకు అతుకు వేసిన చోటు అదే పక్క. పూర్తి రబ్బరు ఈ వానాకాలం లోపు మార్చాలి. జాకీలు ఆరూ ఇంకా బాగానే ఉన్నాయి. నాలుగు ట్రైలరుతో తిరుగుతాయి, గది కింద పెట్టిన ఆ రెండూ బావ తీసుకుపోయాడు, సెంట్రింగ్‌కు పనికొస్తాయట.