కోరంగి మడ అడవిలో పడవ ప్రయాణం

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో ఉన్న కోరంగి అభయారణ్యంలో చెక్క వంతెన గురించి అందరూ రాస్తున్నారు కనుక, ఆ చుట్టుపక్కల ఒక మత్స్యకార గ్రామ సంఘం నడిపే పడవ ప్రయాణం గురించి నేను రాస్తున్నాను. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ 235 చదరపు కిలోమీటర్ల నేలలో, తరతరాలుగా వేటకూ వంటచెరకుకూ మడ మీద ఆధారపడిన ఊళ్ల సాయం లేకుండా అటవీశాఖ ఒక్కటే అడవిని నిలబెట్టలేదని ఈ రెండు గంటల్లో నాకు స్పష్టమైంది.

మా సరంగు గారు వేటకు వెళ్లే మనిషి. "పోటు మీదే వెళ్లి రావాలండీ, పాటు మొదలైతే ఈ పాయలో పడవ అడుగు తగులుద్ది" అని ముందే హెచ్చరించారు. పోటంటే సముద్రపు నీరు పాయల్లోకి ఎక్కే వేళ, పాటంటే అది వెనక్కి దిగే వేళ. తిల్ల అనే మడ చెట్టు కొమ్మను చేత్తో పట్టుకోబోయిన పిల్లవాణ్ణి, దాని పాలు కంట్లో పడితే ప్రమాదమని ఆపారు. అన్నిటికన్నా విలువైనది, ఒకప్పుడు ఎండిపోయిన చోట ఆయన చూపిన కాలువలు. చెట్లు నరికిన నేల కుంగి, లోపలికి వచ్చిన ఉప్పునీరు బయటికి పోలేక ఎండకు ఆవిరై, మొక్క బతకనంత ఉప్పు పేరుకుంటుంది. అలాంటి చోట చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పాయకు కలిపితే పోటుపాట్లు ఉప్పును కడుగుతాయి, అప్పుడే నాటిన మడ నిలుస్తుంది. ఏ పాయ నీరు ఎటు నడుస్తుందో తెలిసినవారు చెప్పకపోతే ఆ కాలువ గీత ఎక్కడ గీయాలి?

లోపాలూ ఉన్నాయి. లైఫ్ జాకెట్లలో రెండింటికి పట్టీలు లేవు, ఇది వెంటనే సరిచేయవలసిన విషయం. టికెట్టు సొమ్ములో ఊరికి ఎంత, అడవి పనులకు ఎంత అన్నది ఎక్కడా రాసి లేదు. అడిగితే సంఘం సభ్యులు మర్యాదగానే బదులిచ్చారు గాని, అది గట్టు మీద బోర్డుగా ఉండటం వారికే గౌరవం.

వేసవిలో గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్ట దిగువకు మంచినీరు తగ్గితే ఇక్కడి పాయల్లో ఉప్పు పెరుగుతుందని సరంగు గారు చెప్పారు. ఆ నీటిని పంచే చోట వరిసాగు, ఊళ్ల తాగునీరు, చేపల చెరువులు అన్నీ లెక్కకు వస్తాయి. మడకూ అక్కడ ఒక వాటా ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

వెళ్లేవారు ముందురోజే ఫోను చేసి పోటు వేళ కనుక్కోండి, ప్లాస్టిక్ సీసాలు గట్టు మీదే వదిలి పడవ ఎక్కకండి, వెంట తీసుకెళ్లి వెంట తెచ్చుకోండి.