డల్లాస్‌కి ఎన్ని గంటలు? గ్రేట్ సర్కిల్ మ్యాపర్ సైట్ వాడితే తెలిసేది, తెలియనిది

పిల్లలు అమెరికాలో ఉన్న ప్రతి ఇంట్లోనూ అమ్మానాన్నలు ముందు అడిగేది "ఎన్ని గంటలు కూర్చోవాలి?" అనే. గూగుల్‌లో వెతికితే దూరం, ప్రయాణ సమయం చెప్పే సైట్లు బోలెడు వస్తాయి, వాటిలో చాలావాటి మీద నాకు కోపం. హైదరాబాద్, డల్లాస్ అని కొడితే సుమారు 14,400 కిలోమీటర్లు, 16 గంటలు అంటాయి. దూరం కరెక్టే. గంటలు మాత్రం విమానం గంటకి 900 కిలోమీటర్లు పోతుందనుకుని ఆ దూరాన్ని 900తో భాగించి పెట్టినవి. శంషాబాద్ నుంచి డల్లాస్‌కి నేరుగా విమానమే లేదు! 2021 జనవరిలో ఎయిర్ ఇండియా చికాగోకి నేరుగా మొదలుపెట్టింది, అదీ నిలవలేదు.

నేను వాడేది గ్రేట్ సర్కిల్ మ్యాపర్, భూగోళం మీద రెండు ఎయిర్‌పోర్టుల మధ్య అన్నిటికంటే దగ్గరి దారి గీసి దూరం చెప్పే సైట్. చూడ్డానికి పాతకాలం సైటే, కానీ పని శుభ్రంగా చేస్తుంది, డబ్బులు అడగదు. ఖతార్‌లోని దోహాలో విమానం మారే దారికి హెచ్‌వైడీ, డీఓహెచ్, డీఎఫ్‌డబ్ల్యూ అని ఎయిర్‌పోర్టు కోడ్‌లు మధ్యలో చిన్న గీతలు పెట్టి వరసగా కొడితే హైదరాబాద్ నుంచి దోహాకి సుమారు 2,900 కిలోమీటర్లు, దోహా నుంచి డల్లాస్‌కి సుమారు 12,750 అని విడివిడిగా చెప్పి మొత్తం కూడా వేస్తుంది. నేరుగా పోయేదాని కంటే 1,200 పైచిలుకు ఎక్కువన్నమాట. మ్యాప్ ఇంకా బాగుంటుంది. డల్లాస్‌కి నేరుగా గీత వేయిస్తే అది అరేబియా సముద్రం వైపు పోనే పోదు, నిటారుగా పైకెళ్లి, ఉత్తర ధ్రువానికి దగ్గరగా దాటి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. గోడ మీది మ్యాపులు చూసి పెరిగినవాళ్లకి నమ్మబుద్ధి కాదు, ఇంట్లో గ్లోబు ఉంటే దారం లాగి చూడండి. మొదట మైళ్లలో చూపిస్తుంది, కిలోమీటర్లకి మార్చుకోవాలి.

టైమ్ కోసం మాత్రం టికెట్టే చూడాలి, అదీ జాగ్రత్తగా. ఎక్కే టైమ్ మనది, దిగే టైమ్ అక్కడిది. తెల్లవారుజామున 4కి ఎక్కి అదే తేదీ సాయంత్రం 4కి డల్లాస్‌లో దిగుతారని ఉంటే 12 గంటలు కాదండీ, చలికాలంలో దానికి పదకొండున్నర కలపాలి, అంటే ఇరవై మూడున్నర. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా వాళ్లు గడియారం గంట ముందుకి జరుపుతారు కాబట్టి అప్పుడు తేడా పదిన్నరే. ఆ ఇరవై మూడున్నరలో దోహా దాకా నాలుగు, నాలుగున్నర గంటలు, అక్కణ్నుంచి ఒకే బిగిన దాదాపు 16. పెద్దవాళ్లకి మోకాళ్లు పట్టేసేది ఆ రెండో విమానంలోనే, అందుకని నడిచే దారి పక్కనుండే ఐల్ సీటుకి డబ్బులు ఎక్కువైనా పెట్టండి. మధ్యలో ఆగేది రెండు గంటల లోపున్న టికెట్ ఎంత చవగ్గా వచ్చినా వాళ్లకి వద్దు, వీల్‌చైర్ వచ్చేసరికే సగం టైమ్ పోతుంది. కూకట్‌పల్లి నుంచి ఔటర్ మీదుగా వెళ్లడం, మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండడం, అక్కడ ఇమిగ్రేషన్ క్యూ, ఇవన్నీ కలిపి ఇంటి నుంచి ఇంటికి 30 గంటలని చెప్పేయండి, టెన్షన్ ఉండదు.

తిరుగు ప్రయాణంలో పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది, డల్లాస్ నుంచి దోహాకి గంట పైనే తగ్గుతుంది. కానీ శనివారం సాయంత్రం అక్కడ ఎక్కితే ఇక్కడ దిగేది సోమవారం తెల్లవారుజామున. తీసుకురావడానికి ఎవరు వెళ్తారో వాళ్లకి ఆ తేదీ ముందే చెప్పి పెట్టండి.