వేరే ఓఎస్ మీదికి బ్యాకప్: డంప్ మేలా, ఫైళ్ల కాపీ మేలా?

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ బ్యాకప్‌ను వేరే ఓఎస్ మీద రీస్టోర్ చేయబోయే ముందు చేతిలో ఉన్నదేమిటో చూసుకోవాలి. పీజీ_డంప్ అనే టూల్ తీసిన ఫైల్లో, అంటే డంప్‌లో, టేబుళ్లు ఎలా కట్టాలో, వాటిలో ఏం నింపాలో ఉంటుంది. పీజీ_బేస్‌బ్యాకప్ అయితే డిస్కు మీది ఫైళ్లనే ఉన్నవి ఉన్నట్టు తెస్తుంది.

ఓఎస్ మారుతుంటే నా ఓటు డంప్‌కే. ఆలస్యం మాట నిజమే. డేటా అంతా మళ్లీ ఎక్కాలి, ఇండెక్సులన్నీ (త్వరగా వెతకడానికి విలువలను క్రమంలో పేర్చిన జాబితాలు) మళ్లీ కట్టుకోవాలి. కస్టమ్ ఫార్మాట్‌లో తీసి ఉంటే డంప్‌ను ఎక్కించే పీజీ_రీస్టోర్‌కు జాబ్స్ 4 అని ఇచ్చి, నాలుగు పనులు ఒకేసారి నడిపి కొంత సమయం మిగుల్చుకోవచ్చు. కానీ ఇండెక్సులు మళ్లీ కట్టడమే ఇక్కడ మనల్ని కాపాడుతుంది.

ఫైళ్ల కాపీ చాలా వేగం. అయితే మేజర్ వెర్షన్, ప్రాసెసర్ రకం ఒకటే కావాలి. విండోస్ నుంచి లినక్స్‌కు ఈ దారి లేనే లేదు. లినక్స్ నుంచి లినక్స్‌కైతే ఏం కాదులే అనుకుంటాం, దెబ్బ తగిలేది అక్కడే. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.28 (లినక్స్‌లోని మూల లైబ్రరీ) అక్షరక్రమాన్ని మార్చేసింది. యూఎస్ ఇంగ్లిష్ లొకేల్‌లో (భాష, ప్రాంతం సెట్టింగ్) "11", "1-1" అని సార్ట్ అయ్యేవి, ఇప్పుడు "1-1", "11" అని వస్తాయి. డెబియన్ 9 నుంచి 10కి, రెడ్‌హ్యాట్ 7 నుంచి 8కి వెళ్తే ఈ గీత దాటినట్టే. కాపీ అయిన ఇండెక్స్ పాత క్రమంలోనే ఉంటుంది, సర్వర్ మాత్రం కొత్త క్రమంలో వెతుకుతుంది.

మేమొకసారి అలాగే దాటాం. సర్వర్ లేచింది, లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. మర్నాడు హైఫన్ ఉన్న ఒక కోడ్‌తో వెతికితే సున్నా వరుసలు! ఇండెక్స్ స్కాన్ ఆపి అదే క్వెరీ నడిపితే వరుస కనిపించింది. అప్పటికే ఒకే విలువ రెండుసార్లు రాకూడని యూనిక్ కాలమ్‌లో అదే కోడ్ రెండోసారి చేరిపోయింది. ఇండెక్స్‌ను మళ్లీ కట్టే రీఇండెక్స్ కొడితే డూప్లికేట్ ఉందని ఆగిపోయింది. వాటిని ఒక్కొక్కటీ చూసి ఏరేశాకే ముందుకు కదిలింది. ఫైళ్లే కాపీ చేయక తప్పకపోతే, అప్లికేషన్ తెరవకముందే టెక్స్ట్ కాలమ్‌ల ఇండెక్సులన్నీ రీఇండెక్స్ చేయండి.

డంప్‌లోనూ చిక్కులున్నాయి గానీ అవి ముఖం మీదే ఎర్రర్ చెప్తాయి. విండోస్ లొకేల్ పేరు లినక్స్‌కు తెలియదు కాబట్టి ఖాళీ డేటాబేస్‌ను టెంప్లేట్0 (పోస్ట్‌గ్రెస్‌తోనే వచ్చే నమూనా డేటాబేస్) నుంచి మీరే సృష్టించి అందులోకి ఎక్కించండి. విండోస్ పవర్‌షెల్ 5.1లో డంప్‌ను బాణం గుర్తుతో (>) ఫైల్లోకి మళ్లిస్తే అది యూటీఎఫ్-16 అనే వేరే ఎన్‌కోడింగ్‌లోకి మారిపోతుంది. ఫైల్ పేరును పీజీ_డంప్‌కే ఆప్షన్‌గా ఇవ్వాలి. యూజర్లు, రోల్స్ డంప్‌లో రావు, పీజీ_డంపాల్‌తో విడిగా తీసుకోవాలి.

మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌కూ డంపే మేలు. విండోస్‌లో టేబుల్ పేర్లు మామూలుగా చిన్నక్షరాల్లోకి మారిపోతాయి, లినక్స్ పెద్దా చిన్నా తేడా చూస్తుంది. పేర్లలో ఈ తేడా చూడాలా వద్దా అనే సెట్టింగ్‌ను మైఎస్‌క్యూఎల్ 8.0లో మొదటిసారి ఇనిషియలైజ్ చేసేటప్పుడే పెట్టాలి, తర్వాత మార్చలేం.

మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ దగ్గర మాత్రం నా మాట మార్చుకుంటాను. 2017 నుంచి అది లినక్స్ మీదా నడుస్తోంది, విండోస్‌లో తీసిన బ్యాకప్ ఫైల్ (.bak) నేరుగా రీస్టోర్ అవుతుంది. సీ డ్రైవ్ దారులు అక్కడ ఉండవు కనుక మూవ్ ఆప్షన్‌తో కొత్త దారి చెప్తే చాలు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మరీ పెద్దదై, గంటల తరబడి ఆపే వీలు లేకపోతే లాజికల్ రెప్లికేషన్ (పాత సర్వర్‌లోని మార్పులను కొత్తదానికి ఎప్పటికప్పుడు పంపే పద్ధతి) పెట్టుకోండి. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి ఉంది, ఓఎస్ వేరైనా పనిచేస్తుంది. టేబుళ్ల నిర్మాణాన్ని ముందే డంప్‌తో కట్టాలి. కొత్త సర్వర్‌కు మారే ముందు సీక్వెన్సుల (వరుస నంబర్లు ఇచ్చే కౌంటర్లు) విలువలు సరిచూసుకోండి, లేకపోతే అప్పటికే వాడిన నంబరే మళ్లీ వచ్చి మొదటి ఇన్సర్టే ప్రైమరీ కీ దగ్గర ఆగిపోతుంది.