న్యూజెర్సీ పెరట్లో తులిప్ మేలా, డాఫొడిల్ మేలా?

అక్టోబరు సగం దాటి నేల చల్లబడగానే న్యూజెర్సీలోని తెలుగువారి ఇళ్ల ముందు కూడా పూల దుంపలు నాటే పని మొదలవుతుంది. సంచీ మీది బొమ్మ చూసి చాలామంది తులిప్‌నే కొంటారు. రంగుల కోసమే అయితే ఆ ఎంపికను తప్పుపట్టలేము: ఎరుపు, ఊదా మొదలుకొని నలుపును తలపించే ముదురు వన్నె దాకా అందులో ఉన్నాయి, డాఫొడిల్‌లో ప్రధానంగా పసుపు, తెలుపు, నారింజ ఛాయలే.

అయినా, ఒకసారి నాటి ఏళ్ల తరబడి పూలు చూడదలచినవారికి నేను డాఫొడిల్‌నే సూచిస్తాను. తులిప్ పుట్టిల్లు మధ్య ఆసియా కొండలు. అక్కడ చలికాలం తీవ్రంగా, వేసవి పొడిగా ఉంటుంది. న్యూజెర్సీలో చలికి కొదవ లేదు గాని, వేసవి వానలకూ పచ్చికకు పెట్టే నీటికీ నేలలోని తులిప్ దుంప కుళ్లిపోతుంది, లేదా చిన్న పిల్ల దుంపలుగా చీలిపోయి మరుసటి ఏడు ఒట్టి ఆకునే ఇస్తుంది. తులిప్‌లలో డార్విన్ హైబ్రిడ్ అనే సంకర రకాలు మాత్రం కొన్నేళ్లు నిలుస్తాయి. తక్కినవాటిని ఏటా కొత్తగా నాటుకోవలసిందే.

జింకల బెడద అంతకన్నా పెద్దది. తులిప్ మొగ్గలంటే వాటికి మహా ఇష్టం. ఉడుతలు దుంపలనే తవ్వి తింటాయి. డాఫొడిల్‌లో లైకోరిన్ అనే విషపదార్థం ఉన్నందున రెండూ దాని జోలికి రావు. ఆ దుంప చూడడానికి అచ్చం ఉల్లిగడ్డలా ఉంటుంది. పొరపాటున కూరలో పడితే వాంతులవుతాయి కాబట్టి దానిని వంటింట్లో ఉంచనే కూడదు. పిల్లలున్న ఇంట్లో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

డాఫొడిల్ మార్చి చివర విచ్చుకోవడం మొదలుపెడుతుంది గనుక చాలా ఏళ్లు ఉగాది నాటికి పెరట్లో పసుపు పూలుంటాయి. తులిప్ ఏప్రిల్ నడుమ గాని రాదు. అందుకే డాఫొడిల్‌ను పెరడంతా నాటి, గుమ్మం పక్కన వల కప్పిన చిన్న మడిలో మాత్రం తులిప్ పెట్టడం నాకు సబబుగా తోస్తుంది. దేనినైనా మొన పైకి ఉండేలా, దుంప ఎత్తుకు మూడింతల లోతున, నీరు నిలవని చోట నాటాలి. పూలు వాడాక డాఫొడిల్ ఆకులను కోయకుండా, ముడివేయకుండా ఆరు వారాలు వదిలేయాలి. మరుసటి ఏటి పువ్వుకు దుంప ఆహారం కూడబెట్టుకునేది అప్పుడే. నాలుగైదేళ్లకు గుబురు ఇరుకై పూలు తగ్గితే, ఆకులు ఎండిన తరువాత జూన్‌లో తవ్వి, దుంపలను విడదీసి మళ్లీ నాటుకోవచ్చు.